ఎవరి చేతి నీళ్ళు

“ఆ గ్లాసు ఇలా ఇవ్వండి వదినా. నేను పట్టిస్తాను.”

“ఇంకెంత, రెండు గుక్కలేగా! తాగేస్తోంది. ఇప్పుడు చెయ్యి మారిస్తే మానేస్తుంది.”

“ఏం మానెయ్యదు. ఇవ్వండి.”

గ్లాసు చేతులు మారింది. ఉడత అని పిలుచుకునే పిల్ల నోరు మూసుకుంది.

ఆసుపత్రి నుంచి ఇంటికైతే తెచ్చుకున్నారు గానీ పిల్ల ఇంకా మనిషి కాలేదు. విరేచనంలో రక్తం పడటం తగ్గింది, జిగట పోలేదు. ఉన్నట్టుండి పొట్ట పట్టుకుని ముడుచుకుపోతుంది. మూడేళ్ళ పిల్ల మొహం ముసలిదాని మొహంలా వాడిపోయింది. మందు వేస్తూ, ఓఆర్ఎస్ నీళ్ళు గుక్కగుక్కగా పట్టిస్తూ ఉండమని డాక్టరు మరీ మరీ చెప్పి పంపాడు.

“తాగమ్మా. మా ఉడత మంచిది కదూ. ఒక్క గుక్క.”

ఉడత తల్లి వంక చూడలేదు. తల్లి భుజం మీదుగా, వెనక నిలబడ్డ మేనత్తను చూసింది.

“అత్త చెయ్యి,” అంది.

“అమ్మ చేత్తో తాగితే ఏమవుతుందే?”

“నువ్వు బండికెళ్ళు.”

గ్లాసులో నీళ్ళు తొణికి పక్క మీద పడ్డాయి. అరవై పెట్టెల గూడ్సు బండిని గీత గీసినట్టు నిలబెట్టే చెయ్యి అది. వీధిలో అందరూ ఆమెను డ్రైవరమ్మ అంటారు. ఆ మాట వింటే ఆమెకు ఇంత ఎత్తున గర్వం. ఇవాళ మాత్రం ఆ బండి పేరే గొంతులో ముల్లులా దిగింది.

“కొత్త చెయ్యి కదమ్మా, అలవాటు పడాలి,” అంది వదిన, గ్లాసు తిరిగి అందుకుంటూ.

“కొత్త చెయ్యా? కన్నది నేను వదినా.”

“కాదని ఎవరన్నారు? పిల్లకి జబ్బుగా ఉన్నప్పుడు లెక్కలెందుకు, తాగిందా లేదా అన్నది చూడాలి గానీ.”

ఉడత గటగటా తాగేసింది. తాగి, మేనత్త మెడ మీద తల వాల్చింది.

ఆ మెడనూ, దాని మీద వాలిన ఆ చిన్న తలనూ చూస్తూ డ్రైవరమ్మ పక్క మీద తడిని తుడిచింది. తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది.

గుమ్మంలో నిలబడ్డ భర్త ఇదంతా చూశాడు. ఆయన పళ్ళ సెట్లు చేస్తాడు. ఊళ్ళో సగం మంది ముసలివాళ్ళు ఆయన చేసిన పళ్ళతోనే నములుతున్నారు. ‘నలుగురి నోళ్ళూ బాగుచేస్తాడు, ఇంట్లో తన నోరు మాత్రం తెరవడు’ అని అక్కగారు వేళాకోళం చేస్తుంటుంది. ఆయన నోరు తెరవలేదు. తలుపు చాటున ఉన్న చెప్పులు తొడుక్కుని పనికి వెళ్ళిపోయాడు.

* * *

వదిన ఈ ఇంటికి వారం రోజుల సాయానికని వచ్చింది. అప్పటికి ఉడత పొత్తిళ్ళలో ఉంది. డ్రైవరమ్మ కాన్పు సెలవు అయిపోయింది, పిల్లను ఎవరి చేతిలో పెట్టాలో తెలియక మొగుడూ పెళ్ళాలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. పెళ్ళి మాట తలపెట్టకుండా తన పుస్తకాల బైండింగు షాపే లోకంగా బతికిన మనిషి, షాపుకు తాళం వేసి వచ్చింది. వారం కాస్తా నెల అయింది. నెల కాస్తా మూడేళ్ళయింది. ఆ తాళం ఇంకా తీయలేదు.

లైను మీదికి వెళ్ళిన డ్రైవరమ్మ ఇంటి మొహం చూసేసరికి ఒక్కోసారి మూడో రోజు వచ్చేది. వచ్చిన ప్రతిసారీ పిల్లలో ఏదో ఒకటి కొత్తగా ఉండేది. పన్ను వచ్చింది, అత్త చూసింది. అడుగు వేసింది, అత్త చూసింది. తాను చూసేసరికి అన్నీ పాతబడిపోయేవి.

వదిన మీద కృతజ్ఞత లేదా అంటే ఉంది. కానీ కృతజ్ఞత మోసే కొద్దీ బరువెక్కే మూట. దించుకోవడానికి ఎక్కడా చోటు దొరకలేదు. ఆ మూటలోనే ఎప్పుడో అసూయ పుట్టింది. పిల్ల ‘అత్తా’ అన్న ప్రతిసారీ దానికింత మేత పడుతూ వచ్చింది.

ఆసుపత్రిలో పిల్లల డాక్టరు చెప్పిన మాట మొదలుకొని ఆమెకు నిద్ర లేదు.

“ఇది షిగెల్లా అనే క్రిమి వల్ల వచ్చే రక్త విరేచనాలమ్మా,” అన్నాడాయన. “కుక్క నుంచో ఆవు నుంచో వచ్చేది కాదు. మనిషి నుంచి మనిషికే. చేతుల ద్వారా, చేతులు తగిలిన తిండి ద్వారా, నీళ్ళ ద్వారా. కొన్ని జబ్బులకు లక్షల క్రిములు లోపలికి పోతే గానీ పట్టుకోవు. దీనికి పట్టుమని వంద చాలు. గోటి కింద దాక్కుని వచ్చేస్తుంది. ఇంట్లో ఎవరికైనా ఉండొచ్చు. పైకి పెద్దగా తెలియకపోవచ్చు కూడా. అందరూ మలం పరీక్షకివ్వండి.”

మూడు ప్లాస్టిక్ డబ్బాలు తీసుకుని లేబొరేటరీకి వెళ్ళింది డ్రైవరమ్మే. కిటికీలోంచి డబ్బాలు లోపలికి అందిస్తూ ఆమె ఒక కోరిక కోరుకుంది. అలాంటి కోరిక మనసులోకి వచ్చినందుకు ఒళ్ళు జలదరించింది. అయినా వెనక్కి తీసుకోలేదు.

ఉంటే, వదినకే ఉండాలి.

* * *

ఫోను మోగేసరికి వదిన పెరట్లో బకెట్టు ముందు కూర్చుని, పిల్ల పాడుచేసిన దుప్పటి ఉతుకుతోంది. బ్లీచింగు వాసన ఇంట్లోకంతా వస్తోంది.

డ్రైవరమ్మ ఫోను తీసుకుని మేడమెట్ల మీదికి వెళ్ళింది.

“రిపోర్టులు వచ్చాయమ్మా,” అన్నాడు డాక్టరు. “మీకు లేదు. మీవారికీ లేదు. మీ వదినగారికి ఉంది.”

ఆమె పెరటివైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది. భయంతో కాదు. కోరుకున్నదే వచ్చింది.

“అయితే డాక్టరుగారూ, పాపకు ఆవిడ దగ్గర నుంచే...”

“అలా అనడానికి లేదు. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఈ పరీక్షలో తేలదు. పాప గుడ్డలు ఉతికేది ఎవరు?”

“వదినే.”

“మరింకేం! పాప నుంచే ఆవిడకు అంటుకుని ఉంటుంది. సేవ చేసినవాళ్ళకు రావడమే మేం ఎక్కువగా చూస్తాం. పాపకు బయట ఇంకెక్కడైనా తగిలి ఉండొచ్చు. కంగారు పడకండి. ఆవిడ వంట చెయ్యకుండా, పాపకు తినిపించకుండా ఇంట్లోనే ఒక గదిలో ఉంటే చాలు. మళ్ళీ పరీక్ష చేసి, లేదని తేలేదాకా. కడుపునొప్పీ జ్వరం ఏమన్నా ఉన్నాయేమో అడగండి. ఉంటే వెంటనే తీసుకురండి, మందు మొదలుపెడదాం. చెబుతారు కదూ?”

“చెబుతాను,” అంది డ్రైవరమ్మ.

ఫోను పెట్టేశాక కాసేపు అక్కడే ఉంది. పెరట్లోంచి దుప్పటి పిండుతున్న చప్పుడు. ఒకసారి పిండి, ఆగి, రొప్పి, మళ్ళీ పిండుతోంది వదిన. మామూలుగా అలా ఆగే మనిషి కాదు.

అది కూడా డ్రైవరమ్మ చెవిన పడింది. పడలేదనుకుంది.

* * *

భర్త మధ్యాహ్నం భోజనానికి వచ్చాక చెప్పింది. ముగ్గురూ వంటింట్లో ఉన్నారు. వదిన గరిటె తీయబోతోంది.

“వదినా, ఆ గరిటె ముట్టుకోకండి.”

“ఏం?”

“డాక్టరుగారు ఫోన్ చేశారు. మా ఇద్దరికీ ఏం లేదట. మీకు ఉందట.”

వదిన చెయ్యి గాలిలో ఆగింది.

“నాకా?”

“షిగెల్లా. పాపకున్నదే.”

పొయ్యి మీద గంజి తుకతుకలాడుతోంది. వదిన తన రెండు చేతులూ ముందుకు చాపి చూసుకుంది. ఏళ్ళ తరబడి జిగురూ దారం పట్టి గట్టిపడ్డ వేళ్ళు. తిప్పి అరచేతులు చూసుకుంది.

“ఈ చేతుల నుంచా పిల్లకి పోయింది?”

ఒక్క మాట చాలు. ‘కాదు వదినా, పిల్ల నుంచే మీకు వచ్చి ఉంటుందన్నారు’ అంటే అయిపోయేది. మాట నాలుక చివరిదాకా వచ్చింది.

డ్రైవరమ్మ పొయ్యి కట్టేసింది.

“డాక్టరు అలా అన్నాడా?” అని అడిగాడు భర్త.

“పాపకు దూరంగా ఉంచమన్నారు.”

“అది సరే. అక్క నుంచే వచ్చిందన్నాడా?”

“దూరంగా ఉంచమన్నారని చెబుతున్నానుగా! మళ్ళీ మళ్ళీ ఏం చెప్పమంటారు?”

అబద్ధం కాదు. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. సగం నిజాన్ని నిలువునా నిలబెట్టింది, అంతే.

వదిన గరిటె దగ్గర నుంచి, గిన్నెల దగ్గర నుంచి, గోడ దగ్గర నుంచి కూడా ఎడంగా జరిగింది. ఇంత ఇంట్లో ఎక్కడ నిలబడాలో తెలియనట్టు నిలబడింది.

“నా గది షాపు వెనకాల అలాగే ఉంది. పోతాను.”

“అక్కా, తొందరపడకు. నేను డాక్టరుతో ఒకసారి...”

“తొందరేమిట్రా? నా చేత్తో ఇంకొక్క ముద్ద దాని నోట్లో పడిందంటే నన్ను నేను క్షమించుకోగలనా?”

సంచీ సర్దుకుంది. తమ్ముడు అందుకోబోతే, “ముట్టుకోకురా” అని వెనక్కి లాక్కుంది. వీధి తలుపు చేత్తో తీయలేదు. మోచేత్తో గడియ లేపి, భుజంతో తోసింది.

ఉడత మంచం దిగి పరుగెత్తుకొచ్చింది.

“అత్తా! ఎక్కడికి?”

“షాపుకమ్మా. పుస్తకాలకి దెబ్బలు తగిలాయట, కట్లు కట్టి వస్తా.”

“నేనూ!”

వదిన వంగలేదు. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని, మెట్లు దిగింది.

ఉడత ఏడుపు వీధి చివరిదాకా ఆమె వెంట వెళ్ళే ఉంటుంది. ఆమె మాత్రం వెనక్కి తిరగలేదు.

* * *

ఇల్లు డ్రైవరమ్మదైంది.

చీర బొడ్డులో దోపి పనిలోకి దిగింది. కుళాయిలు, గడియలు, స్విచ్చులు, బొమ్మలు, కుర్చీ చేతులు, అన్నీ సబ్బుతో కడిగింది. వదిన పక్కబట్టలు విడిగా మూట కట్టింది. వదిన దువ్వెన, వదిన గ్లాసు, వదిన కళ్ళజోడు డబ్బా ఒక అట్టపెట్టెలో పడేసింది. కడుగుతున్నంతసేపూ ఆమెకు హాయిగా ఉంది. చాన్నాళ్ళ తర్వాత మనసులో సిగ్నలు పచ్చగా పడ్డట్టుంది.

చేతులు మోచేతులదాకా రుద్ది కడుక్కుని, గ్లాసులో ఓఆర్ఎస్ కలుపుకుని పిల్ల దగ్గర కూర్చుంది.

“ఇప్పుడు మనిద్దరమే. అమ్మా ఉడతా. తాగుదామా?”

“అత్త.”

“అత్తకి ఒంట్లో బాగాలేదు. నేను లేనూ?”

ఉడత గోడ వైపు తిరిగింది.

చెంచాతో పట్టబోతే పళ్ళు బిగించింది. పాట పాడితే చెవులు మూసుకుంది. బండి కూత కూసి చూపించింది డ్రైవరమ్మ. మామూలుగా అయితే పిల్ల పడీ పడీ నవ్వేది. ఇప్పుడు కళ్ళు మూసుకుంది. ఆఖరికి కోపం వచ్చి దవడ పట్టుకుని పోస్తే, మింగకుండా అంతా పక్క మీదికి వదిలేసింది. ఆ మధ్యలో మళ్ళీ విరేచనం. మళ్ళీ ఇంకోసారి.

‘అత్తా’ అన్న పిలుపు మొదట ఇల్లంతా వినబడింది. తర్వాత మంచం దగ్గర మాత్రమే వినబడింది. తర్వాత ఆగిపోయింది. పిలవడం మానేసిన పిల్ల ముక్కుతూ ఏడవసాగింది.

ఆ ఏడుపులో కన్నీళ్ళు లేవని, ఒంట్లో నీళ్ళు ఇంకిపోతున్నాయని డ్రైవరమ్మ కాస్త ఆలస్యంగా గమనించింది.

పొద్దు వాలకముందే భర్త పని నుంచి తిరిగి వచ్చాడు. చెప్పులతోనే లోపలికి వచ్చేశాడు. ఆయన అలా రావడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

“డాక్టరుకి ఫోన్ చేశాను,” అన్నాడు.

ఆమె గ్లాసు బల్ల మీద పెట్టింది.

“ఇంట్లోనే ఒక గదిలో ఉంటే చాలన్నాడట కదా?”

“అన్నారు.”

“పాప నుంచే అక్కకి వచ్చి ఉంటుందని కూడా చెప్పాడట కదా నీతో? ‘మీ ఆవిడకి విడమరిచి చెప్పానండీ’ అంటున్నాడు. ఏం విన్నావు నువ్వు?”

“అంతా విన్నాను.”

“విని?”

“చెప్పలేదు.”

విసుక్కునే పళ్ళ డాక్టర్ల ముందు కూడా గొంతు పెంచని మనిషి. ఇప్పుడూ పెంచలేదు. అందుకే ఆమెకు ఎక్కువ భయం వేసింది.

“మా అక్క తలుపు కూడా ముట్టుకోకుండా పోయిందే! తానేదో పాపం చేసినట్టు చేతులు దాచుకుని పోయిందే! చూస్తూ నిలబడ్డావా?”

“నిలబడ్డాను. సంతోషంగా కూడా ఉంది, చెప్పమంటారా? మీ అక్కకి ఉందని డాక్టరు అనగానే నాకు పండగలా అనిపించింది. నా పిల్ల నన్ను బండికి పొమ్మంటుంది. నా ఇంట్లో నేను చుట్టాన్ని. సంచీ దించి, స్నానం చేసి, మళ్ళీ సంచీ సర్దుకునే చుట్టాన్ని. మీకేం, మీకు అక్కుంది, పెళ్ళాముంది, కూతురుంది. నాకెవరున్నారు?”

“ఎవరు లేరన్నారు నీకు? సెలవు ఈ వారంతో సరి. నువ్వు బండెక్కాక పిల్లని ఎవరు చూస్తారో అదన్నా ఆలోచించావా?”

“ఉద్యోగం మానేస్తాను.”

“మానెయ్యవు. మానేస్తే బతకవు నువ్వు. ఆ సంగతి నాకంటే మా అక్కకే బాగా తెలుసు. అందుకే షాపు మూసింది.”

ఉడత ముక్కడం కూడా వినబడటం లేదని ఇద్దరికీ ఒకేసారి తట్టింది. ఇద్దరూ తిరిగారు.

ఉడత మంచం పక్కకు పాకి, బల్ల మీది గ్లాసును రెండు చేతులా పట్టుకుంది. తనే ఎత్తుకుని తాగుతోంది. సగం గొంతులోకి, సగం గౌనులోకి. తల్లి ఆత్రంగా ముందుకు వంగి గ్లాసు పట్టుకోబోయింది.

“నేనే!” అని కసిరింది ఉడత.

ఎవరి చెయ్యీ అక్కర్లేదు దానికి. దాహం వేసింది, తాగింది. గ్లాసు ఖాళీ చేసి చాపింది.

“ఇంకా.”

డ్రైవరమ్మ ఇంకా కలిపింది. ఉడత అది కూడా తానే తాగింది. ఈసారి కొంచెం తక్కువ ఒలికింది. తాగి, పొట్ట మీద చెయ్యేసుకుని వెల్లకిలా పడుకుంది.

మొగుడూ పెళ్ళాలు ఒకరినొకరు చూసుకోలేదు.

“మీరు దీని దగ్గర ఉండండి,” అంది డ్రైవరమ్మ. “కొంచెం కొంచెంగా ఇస్తూ ఉండండి. గ్లాసు దాని చేతికే ఇవ్వండి. నేను వెళ్ళి వస్తాను.”

“తీసుకొస్తావా?”

“ముందు మొహం చూపించనీయండి.”

* * *

బైండింగు షాపు తలుపు దగ్గరగా వేసి ఉంది. డ్రైవరమ్మ తోసి లోపలికి వెళ్ళింది. పాత జిగురు వాసన, దుమ్ము. అట్టల దొంతర్ల మధ్య, పుస్తకాలను అదిమి పెట్టే పెద్ద ఇనప ప్రెస్సు పక్కన, నేల మీద చాప పరుచుకుని పడుకుని ఉంది వదిన. మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుని ఉన్నాయి.

“దూరంగా నిలబడు,” అంది కళ్ళు తెరవకుండానే.

“జ్వరం ఉందా?”

“నిన్నటి నుంచి ఉంది.”

“నిన్నటి నుంచా! మరి చెప్పలేదేం?”

“చెబితే పిల్లని నా దగ్గరికి రానివ్వవుగా.”

డ్రైవరమ్మ గోడకు ఆనుకుంది. దారి పొడవునా కూర్చుకుని వచ్చిన మాటలు చెల్లాచెదురయ్యాయి.

“వదినా, డాక్టరుగారు నాతో ఇంకో మాట కూడా అన్నారు. నేను మీకు...”

“తెలుసు.”

“ఏం తెలుసు?”

“పిల్ల నుంచే నాకు వచ్చి ఉంటుందని. ఇంట్లో గదిలో ఉంటే సరిపోతుందని. ఇక్కడికి రాగానే నేనే ఫోన్ చేసి అడిగాను. నా ఒంట్లో సంగతి నేను అడగనా? నువ్వు చెబితే నమ్మి ఊరుకోవడానికి నేనేం పసిపిల్లనా?”

“తెలిసీ ఇక్కడే ఉండిపోయారా?”

వదిన కళ్ళు తెరిచింది. లోతుకు పోయిన కళ్ళు. వాటిలో కోపం కోసం వెతికింది డ్రైవరమ్మ. కోపమే ఉంటే బాగుండునని కూడా అనిపించింది.

“వంటింట్లో నువ్వా మాట చెబుతున్నప్పుడు నీ మొహం చూశానమ్మాయ్. అద్దంలో నన్ను నేను చూసుకున్నట్టుంది. ఆ డబ్బాలు నువ్వు తీసుకెళ్తుంటే నేనేం కోరుకున్నానో తెలుసా? నీకే తేలాలని. ఊళ్ళు తిరిగి, రైల్వే క్యాంటీన్లలో తిని, జబ్బు ఇంటికి మోసుకొచ్చింది నువ్వేనని అందరూ అనాలని. నిన్ను పిల్ల దగ్గరికి రానివ్వకూడదని. ఇంక ఏ మొహంతో తిరిగి రాను?”

డ్రైవరమ్మ గోడ వదిలి ఒక అడుగు ముందుకు వేసింది.

“పిల్లకేమో కడుపునొప్పి. మనిద్దరికీ కడుపుమంట. దానికైతే మందుంది,” అని నవ్వబోయి, నొప్పితో పళ్ళు కొరుక్కుంది వదిన. నొప్పి తగ్గేదాకా చాప అంచును పిడికిట్లో నలిపింది. తర్వాత నెమ్మదిగా అంది:

“ఇంకోటి కూడా విను. మళ్ళీ చెప్పే ధైర్యం నాకు ఉండదు. నువ్వు లైను మీదికి పోయిన ప్రతి సాయంత్రం అది కిటికీ ఎక్కి కూర్చుంటుంది. ‘అమ్మ బండి వచ్చిందా?’ అంటుంది. రాలేదంటే, ‘ఇప్పుడొచ్చిందా?’ అంటుంది. అన్నం తినదు. నిద్రలో కూడా నిన్నే పిలుస్తుంది.”

“నాకెప్పుడూ చెప్పలేదే!”

“చెప్పలేదు.”

“వచ్చినప్పుడల్లా అడిగాను మిమ్మల్ని! ‘నన్ను తలుచుకుందా వదినా’ అని. ‘హాయిగా ఆడుకుంది, నీకేం బెంగ వద్దు’ అనేవారు. నేను డ్యూటీ దిగి రన్నింగ్ రూములో పడుకుని ఎన్నిసార్లు ఏడ్చానో తెలుసా మీకు? నా బిడ్డ నన్ను మరిచిపోతోందని!”

“చెబితే అది నీదైపోతుందని భయం వేసింది.”

“అది నాదే!”

“అందుకే భయం.”

బయట ఏదో వాహనం హారన్ కొడుతూ పోయింది. డ్రైవరమ్మ ఒంట్లో ఒక పిచ్చి సంతోషం, ఒక పిచ్చి కోపం ఒకదాన్నొకటి గుద్దుకుంటున్నాయి. తన పిల్ల తనను పిలిచింది. రోజూ పిలిచింది. ఆ పిలుపు ఈ మనిషి దగ్గరే ఆగిపోయింది. ఈ చాప మీద ముడుచుకుని పడి ఉన్న మనిషిని పట్టుకుని ఊపెయ్యాలనిపించింది.

వదిన లేవబోయింది. మోచేతి మీద సగం లేచి ఆగిపోయింది.

“నువ్వు పో. నాకు... వెనక్కి పోవాలి. నువ్వు చూడొద్దు.”

లేవలేకపోయింది. చాప మీద ఎర్రటి మరక కనిపించింది డ్రైవరమ్మకు. పాప గౌను మీద మొదటిసారి చూసిన మరక లాంటిదే.

“ఇది ఎప్పటి నుంచి?”

“పొద్దుటి నుంచి.”

“పొద్దున్న దుప్పటి ఉతుకుతూ ఆగి ఆగి రొప్పారు. నేను విన్నాను.” ఆ మాట పైకే అనేసింది డ్రైవరమ్మ. “విని ఊరుకున్నాను.”

డ్రైవరమ్మ ఒంగి, వదిన చంకల కింద చేతులు వేసి లేవదీసింది. మనిషి తేలికైపోయింది. తనకంటే ఎప్పుడూ పెద్దగా కనిపించిన మనిషి.

“అంటుకుంటుంది. వదులు.”

“అంటుకోనీయండి. సబ్బు కనిపెట్టారుగా.”

పని కానిచ్చి, కడిగి, బట్ట మార్చి, తన చేతులు సబ్బుతో రుద్దుకుంటూ ఫోను భుజానికీ చెవికీ మధ్య పెట్టుకుని భర్తకు చెప్పింది: “ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను. ఆ, బాగా నీరసంగా ఉంది. పాప? ...మూడో గ్లాసా! ఇవ్వండి, ఇవ్వండి.”

“తాగుతోందా?” అంది వదిన ఆత్రంగా.

“తాగుతోంది.”

“ఎవరు పట్టిస్తున్నారు?”

“ఎవరూ లేరు. అదే పట్టుకుని తాగుతోంది.”

వదిన మొహంలో ఒక నీడ కదిలింది. ఆ నీడ ఏమిటో డ్రైవరమ్మకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

* * *

ఆటోలో వదిన తల ఆమె భుజం మీద వాలిపోయింది. కుదుపు వచ్చినప్పుడల్లా మూలిగింది. సగం దారిలో అడిగింది:

“తగ్గాక నేను వస్తాను. ఆ ఇంటికే వస్తాను. వద్దనుకుంటే ఇప్పుడే చెప్పు. ఆశ పెట్టి తర్వాత తోసెయ్యకు.”

“ముందు తగ్గనీయండి.”

“అది జవాబు కాదు.”

“అవును, కాదు.”

వీధి దీపాలు అప్పుడే ఒక్కొక్కటీ వెలుగుతున్నాయి.

ఆసుపత్రిలో చక్రాల మంచం మీద పడుకోబెట్టారు. నడివయసు నర్సు ఒకామె సూది గుచ్చి సెలైను ఎక్కిస్తూ, చేతి పని చేతిది, నోటి పని నోటిది అన్నట్టు గబగబా అడిగింది. ఎప్పటి నుంచి జ్వరం? రక్తం ఎన్నిసార్లు పడింది? మందులేమన్నా వేశారా? డ్రైవరమ్మ చెబుతూ వచ్చింది. వదిన కళ్ళు మూసుకుని ఉంది.

“ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?”

“చిన్నపాపకు వచ్చింది. ఇప్పుడు తగ్గుతోంది.”

“ఓ, మొన్న రక్త విరేచనాలతో ఇక్కడున్న ఆ పాపదీ మీ ఇల్లేనా? వార్డంతా హడలగొట్టింది కదూ!” నర్సు మొదటిసారి నవ్వింది. “పాప ఎవరి అమ్మాయి?”

“నా పాప,” అంది డ్రైవరమ్మ.

“నా పాప,” అంది వదిన, కళ్ళు మూసుకునే.

రెండు గొంతులూ ఒకేసారి వచ్చాయి. సెలైను గొట్టం మీద నర్సు వేలు ఆగింది. ఆమె తలెత్తి నిలబడ్డావిడను చూసింది, పడుకున్నావిడను చూసింది, మళ్ళీ నిలబడ్డావిడను చూసింది.

“ఎవరి పాప?” అని మళ్ళీ అడిగింది.

వదిన కళ్ళు తెరిచింది. డ్రైవరమ్మ ఆమె కళ్ళలోకి చూసింది.

ఇద్దరిలో ఎవరూ మాట మార్చుకోలేదు.